మాట చెల్లే మనిషి కోసం: స్నేహవలయాల ద్వారా హెచ్‌ఐవీ నివారణ

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల ట్యాక్సీ స్టాండుల్లో హెచ్‌ఐవీ పేరు విననివాళ్ళు ఉండరు. ఆసుపత్రి గోడ మీద, కాలేజీ నోటీసుబోర్డు మీద ఎర్ర రిబ్బను బొమ్మ ఏళ్ళ తరబడి కనబడుతూనే ఉంది. కానీ అక్కడ నిలబడ్డ డ్రైవరును పక్కకు పిలిచి "నీ స్నేహితుల్లో రక్తపరీక్ష చేయించుకొన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే తడుముకొంటాడు. రోజూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగేవాళ్ళే. సినిమా, రాజకీయం, బండి ఫైనాన్సు, ఆడపిల్ల పెళ్ళి, అన్నీ మాట్లాడుకొంటారు. ఈ ఒక్క విషయం మాత్రం వాళ్ళ మధ్యకు రాలేదు.

నివారణ పని ఎక్కువగా చిక్కుకుపోయేది అక్కడే. మనిషి తన అలవాటు మార్చుకొనేది కరపత్రం చదివి కాదు, తనలాంటి వాళ్ళు ఏం చేస్తున్నారో చూసి. స్నేహితులు ఏం చేస్తున్నారో తెలియనప్పుడు "ఎవరూ కండోమ్ వాడరులే, ఎవరూ పరీక్షకు పోరులే" అనుకొని ఊరుకొంటాడు. ఆ ఊహను మార్చగలిగేది ఆ బెంచీ మీద కూర్చొనే మనుషుల్లో ఒకడే. బయటినుంచి వచ్చిన కౌన్సెలరు ఎంత చక్కగా చెప్పినా విని తల ఊపుతారు, ఆయన జీపెక్కగానే మరిచిపోతారు.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వేసిన 2021 అంచనాల్లో 15–49 ఏళ్ళ వయసువారిలో హెచ్‌ఐవీ ఉన్నవారు దేశం మొత్తం మీద 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. మూడు రెట్లకు పైనే. అయితే ఈ వైరస్ నీళ్ళలా నేలంతా పరుచుకోదు, మనుషుల మధ్య ఉన్న సంబంధాల దారుల్లోనే నడుస్తుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఈ దారులు పొడుగైనవి. చెన్నై మూడు గంటల ప్రయాణం, బెంగుళూరు ఐదారు గంటలు. రోజూ వేలాది యాత్రికులు, వాళ్ళకోసం పనిచేసే హోటళ్ళు, లాడ్జీలు, బండ్లు. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు, మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలకు ఎక్కడెక్కడి నుంచో వచ్చే కూలీలు. ఒక్కొక్కరి ఫోనులో రెండు మూడు ప్రపంచాలు ఉంటాయి: ఇంటిది, పనిది, దారిది. అలా రెండు వలయాల్లోనూ కాలు పెట్టిన మనిషి గుండానే వైరస్ ఒకచోటి నుంచి ఇంకొకచోటికి పోతుంది. మంచి అలవాటు పోవాలన్నా అదే మనిషి గుండా పోవాలి. ఈ వ్యాసంలో డ్రైవర్లను ఉదాహరణగా తీసుకొన్నది లెక్క చెప్పడానికి వీలుగా ఉంటుందనే. వాళ్ళను వేలెత్తి చూపడానికి కాదు.

నలుగురూ వినే మనిషిని ఎంచి, స్నేహితులకు అతని నోటే చెప్పించే ఈ పద్ధతికి మూలపురుషుడు అమెరికా మనస్తత్వవేత్త జెఫ్రీ కెల్లీ. కొత్త పద్ధతులు సమాజంలో ఎలా వ్యాపిస్తాయో ఎవరెట్ రోజర్స్ 1962లోనే సిద్ధాంతీకరించాడు: కొద్దిమంది గౌరవనీయులు ముందు మారతారు, మిగతావారు వాళ్ళను చూసి మారతారు. కెల్లీ దాన్ని మిసిసిపీ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి గే బార్లలో పెట్టి చూశాడు. బార్లో సర్వ్ చేసేవాళ్ళను పిలిచి "ఇక్కడికొచ్చేవాళ్ళలో అందరూ ఇష్టపడేదెవరిని? ఎక్కువమంది పలకరించేదెవరిని?" అని అడిగాడు. అలా తేలిన 43 మందికి శిక్షణ ఇచ్చాడు. వాళ్ళు చేసిందల్లా స్నేహితులతో మాటల్లో మాటగా సురక్షితంగా ఉండడం గురించి, తామూ అలాగే ఉంటున్నామని చెప్పడం. చొక్కాకు ట్రాఫిక్ లైటు బొమ్మ ఉన్న చిన్న బిళ్ళ పెట్టుకొనేవారు. "అదేంటి?" అని ఎదుటివాడు అడిగితే సంభాషణ మొదలయ్యేది. 1991లో అచ్చయిన ఫలితాల ప్రకారం, గత రెండు నెలల్లో కండోమ్ లేకుండా మలద్వార సంభోగం చేసినవారు 36.9 శాతం నుంచి 27.5 శాతానికి తగ్గారు. ఆ బిళ్ళ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పనికొచ్చేది అలాంటి ఎత్తుగడే. సంభాషణ మొదలుపెట్టే భారం ఎదుటివాడి మీదికి పోతుంది, మనవాడు ఉపదేశం చేసినట్టు ఉండదు.

ఈ విజయాన్ని చూసి ఎక్కడ పెట్టినా పనిచేస్తుందనుకోవడం తొందరపాటు. ఇదే నమూనాను చైనా, భారత్, పెరూ, రష్యా, జింబాబ్వేల్లో పెద్ద ఎత్తున పరీక్షించారు. మన దేశంలో స్థలం చెన్నై, అక్కడి వైన్ షాపులే వేదికలు. 2010లో వెలువడిన ఫలితం నిరాశపరిచింది. శిక్షణ పొందిన మనుషులు ఉన్నచోటా, లేనిచోటా ప్రమాదకర ప్రవర్తన ఇంచుమించు ఒకేలా తగ్గింది. కారణం వెతికితే పద్ధతి పనికిరాదని చెప్పడం కష్టం. పోలిక కోసం పెట్టుకొన్న చోట్ల కూడా అందరికీ పరీక్షలు, కౌన్సెలింగు, సుఖవ్యాధులకు చికిత్స అందాయి, పదేపదే ఇంటర్వ్యూలు జరిగాయి. ఆ మాత్రం అందినా మనుషులు మారుతున్నారన్నమాట. పరీక్షా చికిత్సా బాగా అందుబాటులో ఉన్నచోట స్నేహితుడి మాట అదనంగా చేసేది కొంచెమే కావచ్చు. అవి ఉండీ మనిషి అక్కడికి పోనిచోట మాత్రం ఆ మాటకు పని ఉంది. మనకున్నది ఎక్కువగా రెండో పరిస్థితి.

అన్నిటికన్నా కష్టమైన పని మనిషిని ఎంచుకోవడం. చాలాచోట్ల పని చెడేదీ ఇక్కడే. ఫలానా స్టాండులో పదిమందిని ఇవ్వండని యూనియన్ ప్రెసిడెంటును అడుగుతారు. ఆయన తన చుట్టూ తిరిగేవాళ్ళ పేర్లు రాసిస్తాడు. మైకు పట్టుకొని మాట్లాడగలిగేవాడికి మాట చెల్లుతుందనుకోవడం ఇందులోని తప్పు. గట్టిగా మాట్లాడేవాడి దగ్గర ఎవరూ గుట్టు విప్పరు. సరైన పద్ధతి సుదీర్ఘమేమీ కాదు, ఓపిక కావాలంతే. ఎనభై మంది ఉన్న స్టాండులో ముప్పై మందిని ఒక్కొక్కరినే, వేర్వేరు షిఫ్టుల్లో, మూడు ప్రశ్నలు అడగాలి. ఒంట్లో బాగలేకపోతే ముందు ఎవరికి చెప్తావు? ఇంట్లో గొడవైతే ఎవరి దగ్గరికి పోతావు? ఎవరు ఒక మాట చెప్తే నువ్వు ఊరికే కొట్టిపారేయవు? ఒక్కో ప్రశ్నకు రెండు పేర్లు చాలు. హెచ్‌ఐవీ మాట ఈ దశలో ఎత్తనే కూడదు. ఎత్తితే "వాడికి అలవాట్లు ఉన్నాయిలే" అన్నవాళ్ళ పేర్లే వస్తాయి. తర్వాత లెక్క కట్టాలి. ఒకరికొకరు దగ్గరకాని ముగ్గురు నలుగురి నోట వచ్చిన పేరు అసలైన పేరు. ఒకే బెంచీ వాళ్ళు నలుగురు చెప్పిన పేరుకు అంత విలువ లేదు, అది ఆ బెంచీ వరకే.

అందరినీ అడిగే వీలు లేకపోతే ఒక అడ్డదారి ఉంది. ఎవరో ఒకరిని గాలివాటుగా ఎంచి, అతణ్ణి వదిలేసి, అతను చెప్పిన స్నేహితుణ్ణి తీసుకోవాలి. సగటు మనిషికి ఉన్న స్నేహితులకన్నా అతని స్నేహితులకు ఉన్న స్నేహితులు ఎక్కువ. 1991లో స్కాట్ ఫెల్డ్ అనే సామాజికవేత్త లెక్కతో చూపిన విషయమిది. ఎక్కువమందితో కలిసేవాడి పేరు ఎక్కువమంది నోట వస్తుంది, తిరకాసంతా అంతే. స్టాండు పక్కన టీ బంకు నడిపే ఆయన కూడా కెల్లీ కథలో బార్ మనిషితో సమానం. ఎవరు ఎవరితో కూర్చొంటారో, ఎవరు వస్తే నలుగురూ జరిగి చోటిస్తారో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఎంతమంది కావాలి? ఈ నమూనాలో వాడుకలో ఉన్న లెక్క నూటికి పదిహేను. ఎనభై మంది స్టాండుకు పన్నెండు మంది. ఇద్దరు ముగ్గురితో సరిపెడితే అది వాళ్ళ సొంత అభిప్రాయంగా మిగిలిపోతుంది, "అందరూ ఇలాగే అనుకొంటున్నారు" అన్న రంగు రాదు. ఆ పన్నెండు మంది ఒకే గుంపువాళ్ళైతే మళ్ళీ వృథా. రాత్రి బండి తోలేవాళ్ళు, కొండకు మాత్రమే పోయేవాళ్ళు, చెన్నై ఎయిర్‌పోర్టు కిరాయిలు కొట్టేవాళ్ళు, తమిళం మాట్లాడేవాళ్ళు, ఒక్కొక్క గుంపు నుంచి కనీసం ఇద్దరు ఉండాలి.

ఇద్దరు ఎందుకంటే, వార్త పాకే తీరు వేరు, అలవాటు పాకే తీరు వేరు. పెట్రోలు ధర పెరిగిందన్న సంగతి ఒకడు చెప్తే చాలు, ఊరంతా తెలిసిపోతుంది. మొహమాటం, భయం, పరువు ముడిపడ్డ పని అలా పాకదు. ఒకరు చెప్తే మనిషి వింటాడు, ఇద్దరు చెప్తే ఆలోచిస్తాడు, మూడో మనిషి కూడా చేసి వచ్చాడని తెలిస్తే కదులుతాడు. సామాజిక శాస్త్రవేత్త డేమన్ సెంటోలా 2010లో ఆన్‌లైన్ వలయాల మీద చేసిన ప్రయోగంలో ఇదే తేలింది. దూరదూరంగా విసిరేసిన సంబంధాల కన్నా, ఒకరికొకరు తెలిసినవాళ్ళ దగ్గరి గుంపుల్లో ఆరోగ్య ప్రవర్తన ఎక్కువగా పాకింది, ఒకే మాట ఒకరికంటే ఎక్కువమంది నుంచి అందినవాళ్ళు ఎక్కువగా చేరారు. కాబట్టి పదివేల మందికి ఒక్కో ఫార్వర్డు పంపడం కంటే, ఒక్క స్టాండును పూర్తిగా తడపడం మేలు.

శిక్షణ వారానికొకసారి, గంటన్నర చొప్పున, నాలుగుసార్లు. మొదటివారం రోగం గురించి. ఇక్కడ తప్పు చెప్తే పరువు పోతుంది, కాబట్టి సంగతులు తక్కువైనా కచ్చితంగా ఉండాలి. వైరస్ వచ్చేది రక్షణ లేని లైంగిక సంబంధం, పంచుకొన్న సూదులు, పరీక్షించని రక్తం, తల్లి నుంచి బిడ్డ, ఈ దారుల్లోనే. దోమ కాటు, కలిసి తినడం, ఒకే బాత్రూము వాడడం, వీటితో రాదు. సోకిన తొలి వారాల్లో పరీక్షలో కనబడకపోవచ్చు, అనుమానం ఉంటే మూడు నెలలకు మళ్ళీ చేయించుకోవాలి. ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో, పరీక్షా కౌన్సెలింగూ ఉచితం. మొదటి పరీక్షలో పాజిటివ్ వస్తే వేరే రెండు కిట్లతో నిర్ధారించుకొన్నాకే చెప్తారు. వైరస్ సోకే పని జరిగిపోయిందనుకొంటే 72 గంటలు దాటకముందే, వీలైతే మొదటి గంటల్లోనే, ఆసుపత్రికి పోవాలి. నివారణ మందు 28 రోజులు మింగాలి. పాజిటివ్ వచ్చినవారికి రుయా లాంటి పెద్దాసుపత్రుల్లోని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్లలో మందులు ఉచితం, ఎక్కువమందికి రోజుకు ఒక్క మాత్ర.

చాలామంది కార్యకర్తలు చివర్లో గబగబా చెప్పి వదిలేసే మాట ఒకటుంది, నిజానికి దాన్ని ముందు చెప్పాలి. మందు క్రమంగా మింగి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి, అలాగే నిలిచిన మనిషి నుంచి లైంగికంగా భాగస్వామికి సోకదు. 2011లో ఫలితాలు చెప్పిన పెద్ద అధ్యయనం, త్వరగా మందు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని చూపింది. అందులో పాల్గొన్న కేంద్రాల్లో చెన్నై కూడా ఒకటి. "పరీక్ష చేయించుకొని పాజిటివ్ అని తెలిస్తే బతుకు అయిపోయినట్టే" అన్న భయమే మనిషిని ఆసుపత్రి గేటు దగ్గర ఆపుతుంది. ఆ భయం పోనిదే మిగతా మాటలు చెవికెక్కవు.

రెండోవారం కండోమ్. అందరికీ తెలుసనుకొంటారు, కానీ బొమ్మ మీద చేసి చూపించమంటే సగం మంది తడబడతారు. ప్యాకెట్టు మీద తేదీ చూడాలి. వేలితో నొక్కితే లోపల గాలి బుడగ తగలాలి. పళ్ళతో చింపకూడదు. కొన నొక్కి గాలి తీసి చివరిదాకా దింపాలి, అయ్యాక మొదలు పట్టుకొని బయటికి తీయాలి. కొబ్బరినూనె, వ్యాజలీన్ రాస్తే రబ్బరు దెబ్బతింటుంది. డ్రైవర్లకు విడిగా చెప్పాల్సింది ఒకటుంది: వేసవిలో బయటే నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డులో పెట్టిన ప్యాకెట్టును నమ్మలేం. సంచిలో, నీడలో పెట్టుకోవాలి.

మూడు, నాలుగు వారాలు మాట మీద సాధన. అసలు శిక్షణ ఇదే. దీనికి సమయం లేదని కుదించేస్తే మనుషులు కరపత్రాలు పంచడానికి తప్ప దేనికీ పనికిరారు. మాట మొదలు ఎప్పుడూ తన గురించి ఉండాలి. "నువ్వు పరీక్ష చేయించుకో" అన్నామా, "ఏం, నా మీద అనుమానమా?" అని మాట అక్కడే తెగిపోతుంది. పనిచేసే తీరు ఇలా ఉంటుంది: "మొన్న రుయాకు పోయి పరీక్ష చేయించుకొన్నా మామా." "ఏమైంది?" "ఏమీ కాలేదు. బండి సర్వీసుకు ఇస్తాం గదా, ఇదీ అంతే. సూది గుచ్చేంతసేపే. డబ్బులు గూడా అడగలే. మళ్ళీ పోయేటప్పుడు చెప్తా, వస్తావా?" అంతే, అంతకుమించి సాగదీయకూడదు. ఇందులో మూడు పనులు జరిగాయి. తాను చేశానన్నాడు, అది పెద్ద కష్టం కాదన్నాడు, తోడు తీసుకుపోతానన్నాడు. అయితే ఇది నటన కాకూడదు. చెప్పేవాడు నిజంగా పోయి ఉండాలి. అందుకే శిక్షణ మొదట్లోనే, ఇష్టమైతే, వాళ్ళు పరీక్ష చేయించుకొనే ఏర్పాటు ఉండాలి. ఫలితం వాళ్ళను ఎవరూ అడగకూడదు. తెలియని ప్రశ్న వస్తే "తెలీదప్పా, కనుక్కొని చెప్తా" అనడం కూడా సాధన చేయించాలి. ఊహించి చెప్పిన ఒక్క తప్పు మాట నెలల పనిని చెడగొడుతుంది. ఉచిత హెల్ప్‌లైన్ 1097 ఉన్నది దీనికే.

ఆడవాళ్ళ వలయాల్లో ఇదే అచ్చు వేస్తే కుదరదు. డ్వాక్రా గ్రూపు చేతికి అందుబాటులో ఉంది గదా అని అందరూ అటే పోతారు. గ్రూపు లీడరును ఎన్నుకొన్నది బ్యాంకు లెక్కల కోసం. అందరూ ఒకే వీధివాళ్ళు, చాలామంది బంధువులు. అలాంటిచోట "నీ భర్త సంగతి" అన్న మాట లేవగానే నోళ్ళు మూసుకొంటాయి. గుజ్జు ఫ్యాక్టరీలోనో, బట్టల మిల్లులోనో పక్కపక్కన పనిచేసే, వేరే ఊళ్ళ ఆడవాళ్ళ మధ్య ఈ మాట తేలిగ్గా నడుస్తుంది. అక్కడ "అక్కా" అని పిలిపించుకొనే మనిషి ఎవరో చూసుకోవాలి. చెప్పే విషయమూ మారుతుంది. కండోమ్ వాడమని భార్యకు చెప్తే సరిపోదు, ఆ నిర్ణయం ఆమె చేతిలో ఉండదు. గర్భవతిగా ఉన్నప్పుడు పరీక్ష, పాజిటివ్ అయితే బిడ్డకు సోకకుండా మందు, సుఖవ్యాధి లక్షణాలు కనిపిస్తే సురక్ష క్లినిక్, ఇవి ఆమె చేయగలిగినవి.

స్వలింగ సంబంధాలున్న మగవాళ్ళ విషయంలో పేర్లడిగే పద్ధతే ప్రమాదం. పేరు చెప్పడమంటే ఒకరి గుట్టు బయటపెట్టడమే. అందుకని అక్కడ కూపన్ల దారి నడుస్తుంది. నమ్మకమున్న నలుగురైదుగురితో మొదలుపెట్టి, ఒక్కొక్కరికి మూడు నంబరు చీటీలు ఇస్తారు. తనకు తెలిసినవారికి వాళ్ళే ఇచ్చుకొంటారు. వచ్చినవాడు మళ్ళీ మూడు తీసుకొంటాడు. ఎవరి పేరూ ఎక్కడా రాయనక్కర్లేదు, ఏ నంబరు నుంచి ఏ నంబరు వచ్చిందో మాత్రం తెలుస్తుంది. సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ హెకథోర్న్ 1997లో ఈ తీరును సర్వేల కోసం రూపొందించాడు, ఇప్పుడు పరీక్షలకు మనుషుల్ని చేర్చడానికీ వాడుతున్నారు.

ఫోను సంగతికొస్తే, పరిశోధకుడు షాన్ యంగ్ బృందం లాస్ ఏంజెలిస్‌లో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. బయటివాళ్ళకు కనబడని ఫేస్‌బుక్ గ్రూపుల్లో, శిక్షణ పొందిన తోటివాళ్ళు పన్నెండు వారాలపాటు ముచ్చట్లాడారు. హెచ్‌ఐవీ గురించి మాట్లాడిన గ్రూపుల్లో ఇంట్లో చేసుకొనే పరీక్ష కిట్టు అడిగినవారు 44 శాతం, మామూలు ఆరోగ్యం గురించి మాట్లాడిన గ్రూపుల్లో 20 శాతం. ఇదే పద్ధతిలో పెరూలో చేసినది 2015లో వచ్చింది. అక్కడ నిజంగా పోయి పరీక్ష చేయించుకొన్నవారు 17 శాతం, పోలిక గ్రూపుల్లో 7 శాతం. తేడా నిజమే. అయితే ఆ 17 చూసి పొంగిపోకుండా, మిగిలిన 83 కూడా చూడాలి.

మన దగ్గర గ్రూపు అంటే వాట్సాప్. సాంకేతికంగా చిన్నదే గానీ పెద్ద చిక్కు అక్కడుంది: గ్రూపులో ఉన్నవాళ్ళ నంబర్లు అందరికీ కనిపిస్తాయి. "హెచ్‌ఐవీ అవగాహన" అని పేరు పెట్టిన గ్రూపులోకి మనిషిని చేర్చితే, ఆ ఒక్క పనితో అతని గుట్టు బజారున పడ్డట్టే. ఫోను ఇంట్లో పిల్లల చేతిలోనూ ఉంటుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఎవరు ఉన్నారో ఒకరికొకరు తెలియదు, కానీ పంపేవాడి నంబరు సేవ్ చేసుకొన్నవాళ్ళకే అందుతుంది. ఛానల్‌లో చేరినవాళ్ళ నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు, కానీ అక్కడ ముచ్చట సాగదు. అందువల్ల పని పంచుకోవాలి. పరీక్ష వేళలు, కొత్త సంగతులు ఛానల్లో. ముచ్చట ముఖాముఖి లేదా ఒకరితో ఒకరు. ఉన్న డ్రైవర్ల గ్రూపులో మనవాడు ఆరోగ్యం మాట ఎత్తడం ఫరవాలేదు, కొత్త గ్రూపు పుట్టించడమే వద్దు. ఎవరి ఫలితమైనా, నెగెటివ్ అయినా సరే, గ్రూపులో పెట్టకూడదు. అందరూ నెగెటివ్ రిపోర్టులు పెడుతుంటే పెట్టనివాడు పాజిటివ్ అని తేలిపోయినట్టే. ఒకరి హెచ్‌ఐవీ స్థితి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెప్తుంది, ఆ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదన్నదీ అందులోదే.

ఎక్కువ ప్రమాదంలో ఉన్న వర్గాల కోసం నడిచే టి.ఐ. (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) ప్రాజెక్టుల్లో పీర్ ఎడ్యుకేటర్లు, అంటే తోటివారికి చెప్పే ఆ వర్గం మనుషులే, ఎప్పటినుంచో ఉన్నారు, దాదాపు అరవై మందికి ఒకరు. 1992లో కోల్‌కతా సోనాగాచీలో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పనిలో సెక్స్ వర్కర్లే తోటివారికి చెప్పేవారు. తర్వాత వాళ్ళే సంఘం పెట్టుకొని పోలీసుల వేధింపులూ పొదుపూ కూడా పట్టించుకొన్నారు. బలం అందులో ఉంది. ఈ రోజు చాలా ప్రాజెక్టుల్లో పీర్ పని రిజిస్టరు నింపడంగా కుంచించుకుపోయింది. నెలకు ఇన్ని కండోములు, ఇంతమంది కాంటాక్టు అని లక్ష్యం పెడితే లక్ష్యం నిండుతుంది. మాట జరిగిందో లేదో ఎవరికీ తెలియదు. చేతికి జీతం రాగానే అతను స్నేహితుడి స్థానం నుంచి ఆఫీసు మనిషి స్థానానికి జారతాడు, ఇది కూడా కాదనలేని చిక్కు. బస్సు ఛార్జీ, పోగొట్టుకొన్న కిరాయి ఇవ్వడం న్యాయమే. తలకింత అని కమీషను మాత్రం ఇవ్వకూడదు. అప్పుడు అవసరం ఉన్నవాళ్ళను వదిలేసి, పిలిస్తే వచ్చేవాళ్ళనే నాలుగుసార్లు తీసుకొస్తాడు.

లెక్క చూడాల్సింది లైకులూ కరపత్రాలూ కాదు. శిక్షణ పొందిన ప్రతి ఒక్కరికీ, స్నేహితులకు ఇవ్వడానికి, నంబరు మాత్రమే ఉన్న పది చీటీలు ఇవ్వాలి, పేరు ఉండకూడదు. ఐసీటీసీలో ఆ చీటీ తీసి డబ్బాలో వేస్తారు. నెల తర్వాత మూడు అంకెలు చాలు. ఎన్ని తిరిగివచ్చాయి? వాళ్ళలో జీవితంలో మొదటిసారి వచ్చినవాళ్ళు ఎందరు? ఏ గుంపు నుంచి ఒక్కటీ రాలేదు? రెండో అంకె తక్కువగా ఉంటే ఎప్పుడూ పోయేవాళ్ళే పోతున్నారని అర్థం. మూడోదానిలో ఒక గుంపు ఖాళీగా ఉంటే ఎంచుకొన్న మనిషి తప్పు. అక్కడికి పోయి మూడు ప్రశ్నల పని మళ్ళీ మొదలుపెట్టాలి.

అన్ని గుంపుల నుంచీ చీటీలు తక్కువగా వస్తే మాత్రం మనుషుల్ని అనుమానించే ముందు గడియారం చూడాలి. పరీక్షా కేంద్రం పగటిపూట పనిచేస్తుంది. తెల్లవారుజామున దర్శనానికి యాత్రికులను దింపి, పగలంతా కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పి, రాత్రికి చెన్నై రైలుకు ఎక్కించే డ్రైవరుకు ఆ వేళలో ఖాళీ దొరకదు. అలాంటి స్టాండుకు మాట చెల్లే పన్నెండు మందితో పాటు, రాత్రి ఎనిమిది నుంచి పదిదాకా, బండ్లు వరుసలో నిలిచే సమయానికి, వేలికొన రక్తంతో ప్రాథమిక పరీక్ష చేసే బండి కావాలి. అది ఎయిడ్స్ అక్షరాలు పెద్దగా రాసిన బండి కాకుండా, బీపీ, షుగరు కూడా చూసే బండి అయితే ఎక్కేవాడికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం రాదు.